అస్సాటీగ్‌లో టెంట్: సముద్రం వైపా, బే వైపా?

మేరీలాండ్‌లోని అస్సాటీగ్ ఐలాండ్ నేషనల్ సీషోర్‌లో సెప్టెంబర్ చివర్లో రెండు రాత్రులు ఉందామనుకుంటున్నాం. నలుగురు పెద్దవాళ్ళం, ఇద్దరు పిల్లలు. అక్కడ టెంట్ వేసినవాళ్ళు దయచేసి చెప్పండి.

టెంట్‌తో వచ్చే పొట్టి మేకులు వదులు ఇసుకలో నిలవవు, గట్టి గాలి వీస్తే ఊడొస్తాయి. అందుకని 18 అంగుళాల ఇసుక మేకులు తీసుకుంటున్నాం. సముద్రం వైపు అవి సరిపోతాయా, లేక గుడ్డసంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి అడుగు లోతున పాతాలా? అక్కడ చెట్ల నీడ లేదు, టార్పాలిన్ కట్టక తప్పదు. గాలికి అది తెరచాపలా లాగుతుంది, అసలు బెంగ దాని గురించే.

బే వైపు, అంటే ద్వీపానికి లోపలి వైపున్న అఖాతం ఒడ్డు, ఉప్పునీటి చిత్తడి పక్కనే కాబట్టి దోమలెక్కువ. నెలాఖరుకైనా తగ్గుతాయా? పిల్లలతో ఏ వైపు మేలు?

అడవి గుర్రాలకు 40 అడుగుల దూరంలో ఉండాలని తెలుసు. అవి తిండి వాసనకు వచ్చేస్తాయి గనక పులిహోర, చపాతీలు, కూలర్ అన్నీ కారులోనే పెడతాం.

ఇక స్టవ్. గ్యాస్ డబ్బా మీదే బిగించే రకం. చుట్టూ పూర్తిగా రేకు మూసేస్తే డబ్బా వేడెక్కి ప్రమాదం. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డం పెడితే ఉప్మాకు ఎసరు మరుగుతుందా?