డైమండ్ మోహరింపును ‘వజ్రవ్యూహం’ అనవచ్చునా?

మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ జట్ల మధ్య జరిగే కలకత్తా డెర్బీ, అంటే ఒకే ఊరి జట్ల పోరు మీద తెలుగులో ముందస్తు విశ్లేషణ రాస్తున్న మిత్రులొకరు నిన్న ఈ సమూహంలో ఒక వాక్యం ఉంచి, అందులోని మాట సరైనదేనా అని అడిగారు. ‘నడిమి వరుసలో వజ్రవ్యూహం పన్నే జట్టుకు పక్కల నుంచి ముప్పు తప్పదు’ అన్నది ఆ వాక్యం. చాలామంది సభ్యులు మాట బాగుందన్నారు. వినసొంపుగా ఉన్న మాట నిజమే కాని, అది రెండు చోట్ల తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. కారణాలు కొంచెం వివరంగా రాస్తాను.

ఇంగ్లీషు ‘డైమండ్’కు తెలుగుగా వాడిన మాట అది. ముందుగా ఆ డైమండ్ ఆటలో దేనికి పేరో చూడాలి. నడిమి వరుసలోని నలుగురిలో ఒకడు తన రక్షకులకు ముందు కాపు కాస్తాడు, ఇద్దరు చెరొక వైపు నిలబడతారు, నాలుగోవాడు దాడి చేసేవారికి కాస్త వెనుక ఉంటాడు. పైనుంచి చూసి ఆ నలుగురినీ గీతలతో కలిపితే నిటారుగా నిలిపిన సమచతుర్భుజం లాంటి ఆకారం వస్తుంది. ఇంగ్లీషువాళ్లు దానిని డైమండ్ అన్నది ఆ ఆకారాన్ని బట్టే. రత్నం విలువకూ కాఠిన్యానికీ అక్కడ ప్రమేయం లేదు. ఆ ఆకారానికి ఆ పేరు తెలుగువాళ్లకూ కొత్త కాదు. ఇస్పేటు, ఆఠీను, కళావరు అన్న నోటితోనే మన ఊళ్లలో తరతరాలుగా ‘డైమను’ అంటున్నారు. అలా అనేటప్పుడు ఎవరికీ వజ్రం గుర్తుకు రాదు, ఎర్రటి నాలుగు మూలల గుర్తు గుర్తుకు వస్తుంది. ‘వజ్రం’ అన్నామా, తెలుగు చెవికి గట్టిదనమే ముందు వినిపిస్తుంది. వజ్రకాయం, వజ్రసంకల్పం, వజ్రాయుధం అన్నీ ఆ భావం మీద నిలిచిన మాటలే. అందుచేత ‘వజ్రవ్యూహం’ అని చదివిన పాఠకుడు అది ఛేదించరాని వ్యూహమని అనుకుంటాడు. పక్కల నుంచి ముప్పు ఉందని హెచ్చరించే వాక్యానికి ఆ మాటే అడ్డు తగులుతుంది.

ఈ మధ్య ఒక ఉదయం మా ఇంటి దగ్గరి మైదానంలో పిల్లలకు ఆట నేర్పుతున్న ఒక శిక్షకుణ్ణి చూశాను. ఆయన తన చెప్పులు రెండూ, ఒక పిల్లవాడి చెప్పులు రెండూ తీసుకుని మట్టిలో నాలుగు మూలలుగా పెట్టి, ‘డైమను, డైమను లెక్క నిలబడాలె’ అని చెప్పారు. బంతి కుడి వైపుకు పోయినప్పుడు కుడి పక్క చెప్పును బయటికి జరిపి, ఆ వెంటనే అడుగున ఉన్న చెప్పును కూడా అటే ఒక జానెడు లాగి, ‘ఈడ ఖాళీ అయిందా లేదా?’ అని ఎడమ వైపు వేలు పెట్టి చూపించారు. పదేళ్ల పిల్లలు తలలు ఊపారు. ‘వజ్రవ్యూహం’ అని ఉంటే వాళ్లకు ఆ నాలుగు చెప్పుల బొమ్మ మనసుకు ఎక్కేది కాదని నాకు అనిపించింది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. వజ్రవ్యూహం అన్న పేరు మన వాఙ్మయంలో ఎప్పటినుంచో మరొకదానికి చెంది ఉంది. వ్యాసభారతం భీష్మపర్వంలో పదకొండు అక్షౌహిణుల కౌరవసేనకు ఎదురుగా ఏడు అక్షౌహిణులతో నిలిచిన ధర్మరాజు, కొద్దిమంది ఎక్కువమందితో పోరాడవలసి వచ్చినప్పుడు సేన సూచీముఖంగా, అంటే సూది మొనలాగా ఉండాలన్న బృహస్పతి మాటను అర్జునుడికి గుర్తు చేస్తాడు. అప్పుడు అర్జునుడు, ఇంద్రుడు కల్పించిన వజ్రమనే వ్యూహాన్ని పన్నుతానని చెప్పి, భీముణ్ణి ముందు నిలుపుతాడు. అక్కడి వజ్రం ఇంద్రుడి ఆయుధం. అల్పసంఖ్యాకులు తమ బలాన్నంతా మొనకు తెచ్చి ఎదుటి సేనను చీల్చడం దాని ఉద్దేశం. నడిమి భాగంలో నలుగురిని నాలుగు మూలల నిలిపే డైమండ్‌కు దానితో పోలిక లేదు. పాత పేరును కొత్త వస్తువుకు పెట్టడం తప్పని నేను అనను. అయితే ఆ పేరు తన అర్థాన్ని కూడా వెంట తెస్తుంది కనుక, వస్తువు దానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి.

ఇక ‘వ్యూహం’ సంగతి. సంస్కృతంలో ఈ మాటకు ప్రధానార్థం సేనను విడదీసి, కూర్చి, ఒక ఆకారంలో నిలపడమే. గరుడ, క్రౌంచ, మకర, అర్ధచంద్ర వ్యూహాలన్నీ నిలబడే తీరుకు పేర్లు. నేటి తెలుగులో మాత్రం ఆ మాట జరిగిపోయింది. ‘ఎన్నికల వ్యూహం’, ‘వ్యూహకర్త’ అన్నప్పుడు ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది మన మనసులో ఉండదు, దూరదృష్టితో వేసిన పథకం ఉంటుంది. వామపక్షాల తెలుగు రచనల్లో ‘వ్యూహం, ఎత్తుగడలు’ అని రెంటినీ విడదీసి వాడే అలవాటు దశాబ్దాల నుంచి ఉంది. దీర్ఘకాలపు పథకం వ్యూహం, ఆ పూటకు వేసే పావు ఎత్తుగడ. ఆటల రచన ఆ విభజనను హాయిగా తీసుకోవచ్చు. నిలబడే తీరుకు మాత్రం మూడో మాట కావాలి. దానికి ‘మోహరింపు’ ఉండనే ఉంది. సరిహద్దుల్లో బలగాల మోహరింపు అని పత్రికల్లో రోజూ చదువుతున్నదే. ‘అమరిక’ చాలదా అని ఒక సభ్యురాలు అడిగారు. అమరిక చక్కని మాటే, కాని కుర్చీలకూ పూలకూ కూడా అమరిక ఉంటుంది. మోహరింపులో ఎదుట ప్రత్యర్థి ఉన్నాడన్న స్పృహ ఉంది. ఫుట్‌బాల్‌లో ఏ జట్టూ ప్రత్యర్థిని చూడకుండా నిలబడదు.

ఈ మూడు మాటలూ వేరువేరుగా ఎందుకు ఉండాలో ఒక ఆటతో చూపిస్తాను. 1997 జులై 13న కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లే తలపడ్డాయి. చూడవచ్చినవారు 1,30,000 మందికి పైగా ఉన్నారు. మోహన్ బగాన్ శిక్షకుడు అమల్ దత్తా ఆ ఏడు డైమండ్ పద్ధతిని తెచ్చి ఊరంతా దాని గురించే మాట్లాడుకునేలా చేశారు. అంతకు ముందు ఆటలో చర్చిల్ బ్రదర్స్‌ను 6-0తో ఓడించడంతో ఆ పేరు ఇంకా మోగింది. గమనించండి, బెంగాలీలు కూడా దానిని ‘డాయ్‌మండ్’ అనే అన్నారు, ‘హీరా’ అనలేదు. ఈస్ట్ బెంగాల్ శిక్షకుడు పి.కె. బెనర్జీ. హైదరాబాద్ వారైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఆయన ఆడారు, దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్‌లో గోలు కూడా చేశారు. ఆటకు ముందు అమల్ దత్తా ఎదుటి జట్టు ఆటగాళ్ల పేర్లనే విరిచి మాట్లాడారు: భైచుంగ్ భూటియాను ‘చుంగ్ చుంగ్’ అనీ, సోసోను ‘శశా’ అనీ అన్నారు. శశా అంటే బెంగాలీలో కీరదోసకాయ. నాకు ఎంతో ఇష్టమైన శిక్షకుడే అయినా, ఆ మాటలు ఆయన స్థాయికి తగినవి కావని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ ఆటకు ముందు రోజు రాత్రి మనం తెలుగులో విశ్లేషణ రాయవలసి వచ్చిందనుకుందాం. ‘మోహన్ బగాన్ మోహరింపు డైమండ్, వారి వ్యూహం మొదటి నుంచే దాడి చేసి ప్రత్యర్థిని ఊపిరి తీసుకోనివ్వకపోవడం, అంతమంది ముందుకు ఉరికినప్పుడు వెనుక మిగిలే ఖాళీలోకి బంతిని తోసి భైచుంగ్‌ను పరుగెత్తించడం ఈస్ట్ బెంగాల్‌కు అందుబాటులో ఉన్న ఎత్తుగడ.’ ఈ వాక్యంలో మూడు మాటలూ మూడు పనులు చేస్తున్నాయి. మూడు చోట్లా వ్యూహమనే రాస్తే ఎవరు నిలబడ్డారో, ఎవరు ఆలోచించారో, ఎవరు కదిలారో పాఠకుడికి తెలియదు. మర్నాడు ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. నజీముల్ హక్ మొదటి గోలు చేయగా మిగిలిన మూడూ భైచుంగ్‌వే. మోహన్ బగాన్ తరఫున చీమా ఒక గోలు చేశాడు. అంత పేరు మోసిన డైమండ్ ఒక్క మధ్యాహ్నంలో చెదిరిపోయింది. దానిని వజ్రవ్యూహం అని రాసి ఉన్నవారికి ఆ ఫలితాన్ని వివరించడం కష్టమయ్యేది.

‘పక్కల నుంచి’ అన్న మాటను కూడా ఒకసారి చూడాలి. అర్థశాస్త్రంలో సేనావ్యూహపు అంగాలుగా పక్షం, కక్షం, ఉరస్యం చెప్పబడ్డాయి. పక్షమంటే రెక్క, ఇంగ్లీషులో వింగ్ అన్నా అదే. ఇంత దగ్గరి మాట ఉండీ మనం వాడలేకపోవడానికి కారణం, నేటి తెలుగులో పక్షం పార్టీకీ పదిహేను రోజులకీ అంటుకుపోవడమే. కాని ‘రెక్క’ ఖాళీగానే ఉంది. ‘కుడి రెక్క మీద ఆడేవాడు’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. డైమండ్‌లో ఇరువైపుల ఉండేవారు లోపలికి జరిగి ఆడతారు కనుక రెక్కలు బోసిపోతాయి, మిత్రులు చెప్పదలచుకున్న ముప్పు అదే. అప్పుడు రెక్కను కాయవలసిన భారం వెనుక వరుస చివర ఉన్న రక్షకుడి మీద పడుతుంది. అతడు ముందుకు వెళితే వెనుక ఖాళీ, వెళ్లకపోతే ముందు ఖాళీ. మంచి విశ్లేషణ ఈ చిక్కును పేరు పెట్టి చెప్పాలి.

అందువల్ల మిత్రుల వాక్యాన్ని నేను ఇలా మార్చుకుంటాను: ‘నడిమి వరుసను డైమండ్‌గా మోహరించే జట్టు మైదానం మధ్యలో పట్టు సాధిస్తుంది గాని, రెండు రెక్కలనూ వెనుక వరుస చివరన ఉన్న ఇద్దరికే వదిలేస్తుంది; ప్రత్యర్థి తొలి ఎత్తుగడ ఆ ఇద్దరిలో ఒకరి మీదే ఉంటుంది.’