కోర్సు కోసం వెతకడం ముందడుగా, వాయిదానా?

వేళచ్చేరి వాసి:
ఈ ఏడాది డేటా సైన్స్ నేర్చుకుంటానని ఆఫీసులో లక్ష్యంగా రాసిచ్చా. రోజూ రాత్రి ఏ కోర్సు మంచిది, ఏ పుస్తకం మంచిది అని నెట్‌లో వెతుకుతున్నా. మా ఆవిడ దీన్ని కాలక్షేపం అంటోంది. నేను సన్నాహం అంటున్నా. మీరేమంటారు?

పెరుంగుడి పక్షి:
నా ఓటు మీ ఆవిడకే. 2015లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ ఫిషర్ బృందం ప్రయోగాలు చేసింది. బట్టలకుండే జిప్ ఎలా పనిచేస్తుంది లాంటి ప్రశ్నలకు కొందరిని నెట్‌లో వెతకనిచ్చారు, కొందరిని వద్దన్నారు. తర్వాత సంబంధం లేని సంగతులు మీరెంత బాగా వివరించగలరని అడిగితే, వెతికినవాళ్లే తమకు ఎక్కువ మార్కులు వేసుకున్నారు. నెట్‌లో ఉన్నదంతా తమ తలలోనే ఉందనిపించిందన్నమాట.

కోటూర్‌పురం రీడర్:
తెలుసని భ్రమపడటం వేరు, వెతకడమే దండగ అనడం వేరు. మాది పల్లెటూరు, చెప్పేవాళ్లెవరూ లేరు. ఎన్‌పీటెల్ అని ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఒకటుందనీ, ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడుపుతున్నాయనీ, చేరడానికి పైసా అక్కర్లేదనీ వెతికితేనే తెలిసింది. లేకపోతే కోచింగుకి వేలు పోసేవాణ్ణి. ఇంట్లో ఇంజినీర్లున్నవాళ్లకి వెతుకులాట చాదస్తంలానే కనిపిస్తుంది లెండి.

పెరుంగుడి పక్షి:
ఒప్పుకున్నా. మరి కోర్సు దొరికాక?

కోటూర్‌పురం రీడర్:
చేరాక కూడా వెతికా. కాకపోతే వారంవారం అసైన్‌మెంట్ గడువు నెత్తిన ఉండేది. సర్టిఫికెట్‌కి వాటి వాటా 25 శాతం, పరీక్షది 75. పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి, అక్కడ వెతుకుడు కుదరదు. లెక్క దగ్గర ఇరుక్కుని వెతికినవి ఇప్పటికీ గుర్తున్నాయి. చేరకముందు చదివిన ‘టాప్ 10’ జాబితాలు ఒక్కటీ లేవు.

టీ నగర్ పెద్దమ్మ:
మా అబ్బాయి నడక మొదలెట్టాలని బూట్ల రివ్యూలు చదువుతూ కూర్చున్నాడు నాయనా. చెన్నై మైలాపూర్ లజ్‌లో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట ఉన్న పార్కులో చెప్పులతోనే ఎంతమంది తిరుగుతున్నారో!

వేళచ్చేరి వాసి:
పెద్దమ్మా, నన్నే అన్నట్టుంది! అయినా ఏదో ఒకటి ఎంచుకోవాలి కదా.

పెరుంగుడి పక్షి:
ఒక్క ఆదివారం చాలు. రెండు కోర్సుల మొదటి పాఠం చూడండి. చూశాక పాఠం మూసేసి, ఏం అర్థమైందో కాగితం మీద రాయండి. ఏది రాయగలిగితే అందులో చేరిపోండి.

కోటూర్‌పురం రీడర్:
ఉచితమైతే సరే. డబ్బు కట్టేదైతే ఆదివారం చాలదండీ. ఫీజు వాపసు నిబంధనలు చదవడానికే ఒక పూట పడుతుంది.