"కొత్తవాళ్లతో మాట్లాడవద్దు" అని చెబితే సరిపోతుందా?

ప్రశ్న

మాకు ఇద్దరు పిల్లలు, పాపకు ఏడేళ్లు, బాబుకు పన్నెండేళ్లు. కొత్తవాళ్లతో మాట్లాడవద్దని, ఎవరేమిచ్చినా తీసుకోవద్దని ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాం. అయితే పాప ఈమధ్య, "జనంలో నేను తప్పిపోతే అక్కడ ఉండేవాళ్లంతా కొత్తవాళ్లే కదా, అప్పుడు ఎవరిని అడగాలి?" అని నిలదీసింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. బాబుతో మరో చిక్కు. ఆన్‌లైన్ ఆటలో పరిచయమైన ఒక అబ్బాయితో రోజూ మాట్లాడుతున్నాడు. అతనెవరో తెలియదు కదా అంటే, రోజూ మాట్లాడేవాడు కొత్తవాడెలా అవుతాడని వాదిస్తున్నాడు. పాపకు ఏమని చెప్పాలి? బాబు దగ్గర ఫోన్ తీసేసుకోవడం తప్ప దారి లేదా?

మొదటి సమాధానం

మీ పాప సరైన చోటే పట్టుకుంది. తప్పిపోయిన పిల్లలను తిరిగి చేర్చేది చాలావరకు ముక్కూమొహం తెలియనివాళ్లే. మరోవైపు, పిల్లలపై జరిగే లైంగిక వేధింపుల్లో ఎక్కువ భాగం కుటుంబానికి తెలిసినవాళ్ల చేతుల్లోనే జరుగుతాయి. కనుక మనిషి కొత్తా పాతా అన్నది కాకుండా, ఆ మనిషి ఏమి అడుగుతున్నాడో గమనించడం నేర్పాలి. పెద్దవాళ్లకు సాయం కావాలంటే పెద్దవాళ్లనే అడుగుతారు గానీ, ఒంటరిగా ఉన్న పిల్లను పక్కకు రమ్మని అడగరు. "ఇది మీ అమ్మకు చెప్పకు" అని ఎవరన్నా సరే, బంధువైనా, పాఠం చెప్పేవారైనా, ఆ మాటను అమ్మకు చెప్పి తీరాలి. పుట్టినరోజు కానుక లాంటి గుట్టు కొద్దిరోజుల్లో అందరి ముందూ బయటపడుతుంది. ఎప్పటికీ బయటపడకూడదని చెప్పే గుట్టు వేరని ఏడేళ్ల పిల్లకు తేలిగ్గానే అర్థమవుతుంది.

తప్పిపోయినప్పుడు ఉన్నచోటే నిలబడాలి. "అమ్మా" అని పిలిస్తే ఆ గుంపులో పదిమంది తల్లులు తిరిగి చూస్తారు కాబట్టి, మీ పూర్తి పేరు పెట్టి పిలవమనండి. ఆ తర్వాత బిల్లింగ్ కౌంటర్‌లో ఉన్నవారిని గానీ, పిల్లలతో వచ్చిన ఒక తల్లిని గానీ తానే వెళ్లి అడగాలి. తానుగా ఎంచుకున్న మనిషికీ, తనను వెతుక్కుంటూ వచ్చిన మనిషికీ ఉన్న తేడాను విడమరిచి చెప్పండి. ఫోన్ నంబరు కంఠతా వచ్చినంత మాత్రాన సరిపోదు. కొందరు పిల్లలు దాన్ని ఎక్కాల్లా రాగం తీసి అప్పజెబుతారు గానీ, చేతికి ఫోన్ ఇస్తే సగంలో తడబడి మళ్లీ మొదటికి వస్తారు. అందుకని అంకెలు నొక్కించి అలవాటు చేయించాలి.

ఎవరైనా చేయి పట్టి లాగితే ఊరికే ఏడవకూడదు. ఏడుస్తున్న పిల్లను చూస్తే, ఏదో మారాం చేస్తోందని పక్కవాళ్లు అనుకుంటారు. "ఈయన మా నాన్న కాదు, నాకు తెలియదు" అని అరవాలి. ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన సంకేతపదం ఒకటి పెట్టుకుని, "మీ నాన్న పంపించారు" అంటూ వచ్చినవారు అది చెప్పలేకపోతే వెంట వెళ్లవద్దని కూడా నేర్పండి.

రెండవ సమాధానం

బాబు విషయంలో నా అభిప్రాయం. అతను స్నేహితుడా కాదా అన్న వాదనలోకి దిగకండి, అందులో మీరు గెలవరు. ఆ సంభాషణ ఎటు మలుపు తిరుగుతోందో గమనించడం నేర్పండి. ఇంట్లో ఒక్కడివే ఉన్నావా అని అడగడం, అడగకుండానే ఆటలో నాణేలు బహుమతిగా ఇవ్వడం, ఫోటో పంపమనడం, అన్నిటికీ మించి "ఇక్కడ వద్దు, వేరే యాప్‌లో మాట్లాడుకుందాం" అనడం ఆగి ఆలోచించవలసిన గుర్తులు. చాలా ఆటల చాట్‌లో అసభ్యపదాలను ఆపే ఏర్పాటు, ఫిర్యాదు చేసే వీలు ఎంతో కొంత ఉంటాయి. వాటి నుంచి తప్పించుకోవడానికే ఆ పిలుపు వస్తుంది. ఆ అబ్బాయి గొంతు విన్నానని, వీడియోలో చూశానని మీ బాబు అనవచ్చు. ఈ రోజుల్లో రెండింటినీ మార్చి చూపించడం కష్టమేమీ కాదు.

ఒకసారి పక్కన కూర్చుని, వాడితో ఆ ఆట ఆడించి చూడండి. ఎవరు ఎలా పలకరిస్తున్నారో పది నిమిషాల్లో తెలుస్తుంది. ఫోన్ కెమెరాకు లొకేషన్ అనుమతి ఉంటే తీసిన చోటు వివరం ఫోటో ఫైల్‌లోనే చేరుతుందనీ, బడి బ్యాడ్జి కనిపించే ఫోటో చాలా చెప్పేస్తుందనీ వాడికి చూపించండి. ఇంకొక మాట: చాలా సామాజిక మాధ్యమాలు పెట్టిన 13 ఏళ్ల నిబంధన, పిల్లల వివరాల సేకరణను అదుపు చేస్తూ 1998లో అమెరికా చేసిన చట్టం నుంచి వచ్చింది. ఆ వయసుకు పిల్లలు అన్నీ తట్టుకోగలరని ఎవరో తేల్చి పెట్టిన హద్దు కాదు.

మూడవ సమాధానం

ఫోన్ లాక్కోవడాన్ని నేను సమర్థించను. ఆన్‌లైన్‌లో పిల్లలను లొంగదీసుకుని బెదిరించేవాడి చేతిలో ఉన్న ఆయుధమల్లా "మీవాళ్లకు చెప్పేస్తాను" అన్న మాటే. చెబితే ఫోన్ పోతుందన్న భయం పిల్లవాడికి ఉంటే, మనమే ఆ ఆయుధానికి పదును పెట్టినట్టు. రాత్రిపూట ఫోన్ పడకగది బయట ఉండాలన్న నియమం పెట్టండి, తప్పులేదు. సందేశాలు చూడదలిస్తే వాడికి చెప్పే చూడండి. దొంగచాటుగా చూస్తే వాడు రెండో ఖాతా తెరుస్తాడు.

ప్రశ్న అడిగినవారు

ఇది నాకు తట్టలేదు, ధన్యవాదాలు. అయితే ఒకవేళ పిల్లలు అప్పటికే పంపకూడని ఫోటో పంపి, అవతలివారు డబ్బు అడుగుతూ ఉంటే?

రెండవ సమాధానం ఇచ్చినవారు

డబ్బు ఇవ్వకూడదు, ఇచ్చినంత మాత్రాన బెదిరింపు ఆగదు, ఇంకా అడుగుతారు. కంగారులో సంభాషణను చెరిపేయవద్దు. బెదిరింపు మాటలను, ఆ ఖాతా పేరును, లింకును భద్రపరచి, యాప్‌లోనూ పోలీసులకూ ఫిర్యాదు చేశాకే బ్లాక్ చేయాలి. పిల్లల ఫోటోను మాత్రం సాక్ష్యం పేరుతో ఎవరికీ పంపవద్దు, చాలా దేశాల్లో అదే నేరం అవుతుంది. అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ నడిపే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవను ఇతర దేశాలవారూ వాడుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండకముందు తీసిన నగ్న చిత్రాలకు ఇది వర్తిస్తుంది. ఫోటో మీ ఫోన్ దాటి వెళ్లదు. దాని నుంచి తయారైన ఒక సంఖ్యాగుర్తు మాత్రమే వెళుతుంది, ఆ సేవలో చేరిన సంస్థలు తమ దగ్గర అదే గుర్తున్న చిత్రం కనిపిస్తే తొలగించగలవు. చేరని సంస్థల్లోనూ, ఎన్‌క్రిప్ట్ అయిన (మాట్లాడుకునేవాళ్లకు తప్ప సంస్థకు కూడా కనిపించని) చాట్‌లలోనూ అది పనిచేయదు, కనుక పోలీసు ఫిర్యాదును దాని కోసం ఆపవద్దు. వీటన్నిటికంటే ముందు, పిల్లవాడు వచ్చి చెప్పిన ఆ క్షణంలో "ఎందుకు పంపావు" అని అడగకండి. "చెప్పి మంచిపని చేశావు, ఇక ఇది మేము చూసుకుంటాం" అనండి. మిగతా ప్రశ్నలు మరునాడు అడగవచ్చు.