స్టూడియో కంప్యూటర్‌కు ఎస్ఎస్‌డీ వేయించాలా, హార్డ్ డిస్కా?

ప్రశ్న (ప్రొద్దుటూరు, ఫొటో స్టూడియో)

అన్నలకు నమస్కారం. నాన్న పెట్టిన స్టూడియోను ఇప్పుడు నేనే చూసుకుంటున్నా. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పుట్టువెంట్రుకలు ఎక్కువ. కంప్యూటర్‌లో ఐ5 ఫోర్త్ జెన్ (నాలుగో తరం) ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి టీ తాగొచ్చినా విండోస్ ఇంకా లేస్తూనే ఉంటుంది. ఆల్బమ్ షీటు తెరిస్తే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర ఆగిపోతుంది. పైగా డిస్క్ నిండిపోయింది.

చేతిలో ఉన్న డబ్బుకు 4 టీబీ హార్డ్ డిస్క్ వస్తుంది, లేదంటే ఒక ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచేది). ఎస్ఎస్‌డీ పోతే ఒక్క ఫొటో కూడా తిరిగి రాదంటున్నారు. శ్రావణం ముహూర్తాలు దగ్గర పడ్డాయి, అదే టెన్షన్. ఒకరి పెళ్లి మళ్లీ తీయలేం కదా.

జవాబు (కర్నూలు, వీడియో ఎడిటింగ్)

బ్రదర్, స్పీడు సంగతి తర్వాత. నిండిన ఆ ఒక్క డిస్కులో ఉన్న పెళ్లిళ్లకు ఇంకో కాపీ ఉందా? లేకపోతే ముందు హార్డ్ డిస్కే కొను. కంప్యూటర్ నిదానంగా నడిస్తే రాత్రి కాసేపు ఎక్కువ కూర్చుంటాం, అంతే.

జవాబు (అనంతపురం, కంప్యూటర్ సర్వీస్)

కర్నూలు అన్న చెప్పింది నిజం. కానీ తమ్ముడూ, నీ పని ఆగుతున్నది కూడా డిస్క్ వల్లే. హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. డేటా చదివే హెడ్ కావలసిన చోటికి జరిగి, ఆ చోటు దాని కిందికి వచ్చేసరికి పది మిల్లీసెకన్లు అటూఇటూ పడుతుంది. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది, ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూస్తుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి ఆ ఎదురుచూపు దాదాపు పోతుంది.

ఫోర్త్ జెన్ బోర్డుల్లో చాలావాటికి ఎం.2 స్లాట్ (చిన్న కార్డులాంటి ఎస్ఎస్‌డీ గుచ్చే చోటు) ఉండదు. షాపులో ఆ స్లాట్‌కు పెట్టే ఎన్‌వీఎంఈ రకం చూపిస్తే వద్దను, హార్డ్ డిస్క్‌లాగే కేబుల్‌తో తగిలించే 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ అడుగు.

నీ భయం ఉత్తది కాదు. హార్డ్ డిస్క్ చాలాసార్లు పోయేముందు టక్ టక్‌మంటుంది, ఎస్ఎస్‌డీ చెప్పకుండానే పోవచ్చు. ట్రిమ్ (డిలీట్ చేసిన చోటును ఖాళీ చేసేసే పద్ధతి) వల్ల అందులో డిలీట్ అయినవి తిరిగి రావడమూ కష్టమే. అలాగని హార్డ్ డిస్కును నమ్మి నిద్రపోలేం. నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి కిందపడ్డ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులే.

4 టీబీ డబ్బుకు 256 జీబీ ఎస్ఎస్‌డీ, 2 టీబీ హార్డ్ డిస్క్ కలిపి వస్తాయేమో అడిగి చూడు. ఎస్ఎస్‌డీలో విండోస్, ఫొటోషాప్, ఇప్పుడు చేస్తున్న పెళ్లి ఉంచు. అయిపోయినవి పాత డిస్కులో ఒక కాపీ, కొత్త డిస్కులో ఒక కాపీ. ఒక డిస్క్ స్టూడియోలో పెట్టుకో, ఇంకోటి ఇంట్లో. రెండు కాపీలయ్యాకే కెమెరా కార్డు ఫార్మాట్ చెయ్యి.

ప్రశ్న అడిగినవారు

అన్నా, తర్వాత డబ్బులొచ్చాక ఇంకో ఎస్ఎస్‌డీ కొని పాత పెళ్లిళ్లు అందులో వేసి బీరువాలో పెట్టొచ్చా?

జవాబు (అనంతపురం, కంప్యూటర్ సర్వీస్)

వద్దు తమ్ముడూ. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి ఉంచితే ఎస్ఎస్‌డీలో ఫొటోలను పట్టి ఉంచే సెల్స్‌లో చార్జ్ మెల్లగా తగ్గుతుంది, మన ఎండలకు ఇంకా త్వరగా. బీరువాలోకి హార్డ్ డిస్కే మేలు, దాన్నీ అప్పుడప్పుడు తీసి తెరిచి చూడాలి. ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే, డిస్క్ ఆరోగ్యం చూపే ప్రోగ్రామ్‌తో నీ పాత డిస్క్ చూడు. పసుపు రంగులో కాషన్ అని చూపిస్తే ఈ రోజే కాపీ మొదలుపెట్టు.