మోసపోయిన పెద్దాయనకు పర్లాకిమిడిలో ఎవరి సాయం దొరుకుతుంది?

మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. మా మావయ్యగారికి డెబ్బై దాటాయి. పోలీసు యూనిఫారంలో ఒకడు వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించి, ఆయన కొట్టు అమ్మి దాచుకున్న డబ్బు వేయించుకున్నాడు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు, కానీ భయంలో ఉన్న మనిషికి అది ఎలా తోస్తుంది?

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. కొంత డబ్బు అవతలి ఖాతాలో ఆపారట. తికమకంతా ఆ తర్వాతే. ఆయన ఉండేది ఇక్కడ, బ్యాంకు ఖాతా శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో. ఇక్కడ అడిగితే అక్కడికి వెళ్లమంటారు, అక్కడ అడిగితే ఇక్కడికి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. సరిహద్దు ఊళ్లలో అలా జీరో ఎఫ్ఐఆర్ రాయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏమని అడిగారు?

ఆపిన డబ్బు విడిపించాలంటే లాయర్ కావాలి. న్యాయసేవల నంబరు 15100 ద్వారా తెలుగు వచ్చిన లాయర్‌ని ఇస్తారా? మావయ్యగారు ఒడియా మాట్లాడతారు గానీ చదవలేరు. అర్థం కాని కాగితం మీద మళ్లీ సంతకం పెట్టించడం నాకు ఇష్టం లేదు.

అన్నిటికన్నా టెన్షన్ ఆయన గురించే. సరిగా తినడం లేదు, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నారు. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కి ఒడిశా నుంచి చేస్తే తెలుగులో మాట్లాడతారా? బరంపురం వైపు తెలుగు తెలిసిన కౌన్సెలర్ ఉంటే దయచేసి చెప్పండి, తీసుకెళ్తాం.