అప్‌డేట్: సిమెంటు, ఐటీ కంపెనీల సుస్థిరత నివేదికల పోలిక చిక్కు తేలింది

సిమెంటు, ఐటీ కంపెనీల బీఆర్‌ఎస్‌ఆర్ (పెద్ద లిస్టెడ్ కంపెనీలు సెబీ నిబంధన ప్రకారం ఇచ్చే వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలను పక్కపక్కన పెట్టి రూపాయి టర్నోవరుకు ఎంత కర్బన ఉద్గారమో చూస్తే ఐటీ కంపెనీలన్నీ ఆదర్శంగా, సిమెంటు కంపెనీలన్నీ దోషులుగా కనిపిస్తున్నాయని, ఎంబీఏ ప్రాజెక్టుకు ఈ పోలిక ఎలా చేయాలని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనికొచ్చింది, ఉద్గారాల అంకెలను ఒకే పరిశ్రమ లోపలే పోల్చమన్న సలహా. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే వెలువడే కార్బన్ డయాక్సైడ్ సిమెంటు కంపెనీకి స్కోప్ 1 (కంపెనీ సొంత కార్యకలాపాల నుంచి నేరుగా వెలువడే ఉద్గారాలు) కిందికి వస్తుంది. ఐటీ కంపెనీకి స్కోప్ 1, 2లలో ప్రధాన భారం కొన్న కరెంటుది, అంటే స్కోప్ 2ది. అందుకని ఉద్గారాల అంకెలను ఒకే పరిశ్రమలో, సిమెంటుకైతే టన్ను ఉత్పత్తి లెక్కన పోల్చి, పరిశ్రమల మధ్య మాత్రం నివేదికలో సాధారణ వివరాల భాగమైన సెక్షన్ ఎ లో కంపెనీ తనకు కీలకమని చెప్పుకున్న అంశాలకు లోపలి పేజీల్లో ఎంత ఆధారం చూపిందో పరిశీలించాను.

నివేదికల్లో ఉండే కొనుగోలు శక్తి సర్దుబాటు (దేశాల మధ్య ధరల తేడాను బట్టి టర్నోవరును సవరించడం) వల్ల ఒరిగిందేమీ లేదు. అన్నీ భారతీయ కంపెనీలే కనుక, ఒకే సంవత్సరానికి అందరినీ ఒకే గుణకంతో సర్దితే వరుస మారదు కదా!

మా గైడు గారు పట్టుకున్న తప్పు మరొకటి: ఒక నివేదికలో టర్నోవరు రూపాయల్లో, మరొకదానిలో కోట్లలో ఉంది. నా పట్టికలో ఏడు సున్నాల తేడా అక్కడిదే.