ఆవిరి ఇంజను వెనక డీజిల్: తోడా, దొంగాటా?

హంపయ్య మనవడు (గుంతకల్లు):
నిన్న సాయంత్రం స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర నాకూ మా స్నేహితుడికీ మాట పెరిగింది. ఫోన్లో ఇంగ్లండ్ ఆవిరి బండి విహారయాత్ర వీడియో చూస్తున్నాం. ముందు ఆవిరి ఇంజను, దాని వెనక పది దాకా పెట్టెలు. ఎక్కుడు దారిలో పొగ గుప్పుమంటోంది, గట్టు మీద జనం కెమెరాలు పట్టుకుని నిలబడ్డారు. బండి మలుపు తిరిగేసరికి తోక దగ్గర డీజిల్ ఇంజను కనబడింది. మావాడు ఫోను నా చేతిలో పెట్టేసి, "ఇదా నువ్వు అర్ధరాత్రి దాకా చూసేది? కదిరి తేరును వెనక నుంచి ట్రాక్టరుతో తోయించినట్టుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ జవాబు తట్టలేదు. మీరేమంటారు? డీజిల్ తోడుంటే దాన్ని ఆవిరి యాత్ర అనొచ్చా?

ఆదోని కెమెరా:
అనకూడదు. మీ స్నేహితుడికి నా తరఫున ఒక టీ.

నా అనుభవం చెబుతా. ఉత్తరాదిన ఒక ప్రత్యేక బండి వస్తోందంటే రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లా. పట్టాలకు దూరంగా, తుమ్మ చెట్ల మధ్య మూడు గంటలు నిలబడ్డా. బండి వచ్చింది. ముందు బొగ్గు ఇంజను బొమ్మలా దొర్లుకుంటూ పోయింది. చిమ్నీ మీద పొగ లేదు, వేడికి గాలి వణుకుతోందంతే. పనంతా వెనకున్న డీజిల్ చేస్తోంది. రికార్డు చేసుకొచ్చిన శబ్దం ఇంటికొచ్చి వింటే డీజిల్ రొద తప్ప ఏమీ లేదు. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజనుకు చక్రం ఒక చుట్టు తిరిగితే ఆవిరి చిమ్నీలోంచి తన్నుకొచ్చే నాలుగు దెబ్బలు వినబడాలి. ఆ నాలుగు దెబ్బల కోసమే కదా మనం ఇంత దూరం పోయేది!

గుత్తి ఆల్కో:
కెమెరా అన్నా, డీజిల్‌ను అంత చులకన చేస్తే మా ఊళ్లో నీకు టీ పుట్టదు. గుత్తి షెడ్డు పక్కన పెరిగినవాణ్ణి. 16 సిలిండర్ల, 2600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను స్టార్టయితే మా ఇంటి స్టీలు గిన్నెలు అల్మారాలో మోగేవి. ఇప్పుడు ఎటు చూసినా పైన కరెంటు తీగలే. ఇంకో ఇరవై ఏళ్లకు జనం డీజిల్ వెనక కూడా కెమెరాలేసుకుని పరిగెడతారు, రాసిపెట్టుకో.

అసలు విషయానికొస్తే, తేరు పోలిక తెచ్చినవాడు తేరు చక్రాల దగ్గర నిలబడినట్టు లేదు. ముందు మోకు పట్టి లాగేవాళ్లే అందరికీ కనబడతారు. చక్రాల కింద చెక్క మొద్దులు వేసి ఆపేవాళ్లు లేకపోతే తేరు ఎవరింట్లోకి దూరుతుందో చెప్పలేం. అమెరికాలో బిగ్ బాయ్ అని 1941లో చేసిన రాక్షసి ఆవిరి ఇంజనుంది. ఆ రకం 25 చేస్తే 8 మిగిలాయి, వాటిలో నడిచేది 4014 నంబరు ఒక్కటే. 2019లో మళ్లీ పట్టాలెక్కింది. దాని వెనకా డీజిల్ ఉంటుంది. దిగుడులో డైనమిక్ బ్రేకు (మోటార్లతోనే వేగం తగ్గించడం) కోసం, దారిలో ఏదైనా అయితే ఆదుకోవడానికి. అంటే అది మొద్దులు వేసేవాడి పని.

ఇంకో తమాషా. 2023లో నెబ్రాస్కాలో బ్లెయిర్ అనే ఊరి దగ్గర ఒక గూడ్సు ఆగిపోతే ఈ బిగ్ బాయే వెనక నుంచి తోసి కదిలించింది. ఆ గూడ్సుకున్నవి డీజిల్ ఇంజన్లే. మరి ఆరోజు దాన్ని "ఆవిరి గూడ్సు" అన్నారా ఎవరైనా?

ఆదోని కెమెరా:
ఆ వీడియో నేనూ చూశా, బాగుంది. కానీ నా ప్రశ్న అది కాదు. మొద్దులు వేసేవాడు మొద్దులే వేయాలి, తేరు మొత్తం తానే తోసి "భక్తులు లాగారు" అనకూడదు.

నల్లమల అక్క (నంద్యాల):
ఇంతసేపూ గట్టు మీద నిలబడి ఫొటో తీసేవాళ్ల కష్టాలే విన్నాం. లోపల టికెట్ కొని కూర్చున్నవాళ్ల సంగతేంటి? ఇంజను మధ్యలో మొరాయిస్తే పిల్లలతో, ముసలివాళ్లతో ఎక్కడ దిగాలి? బ్రిటన్‌లో 2008లో కొత్తగా తయారైన టొర్నాడో ఆవిరి ఇంజను 2017లో గంటకు వంద మైళ్లు అందుకుంది. 2018 ఏప్రిల్లో ప్రయాణికులతో పోతూ దారిలోనే చెడిపోయింది. అంత పేరున్న ఇంజనుకే ఆ గతి పట్టింది. ఏసీకీ లైట్లకీ కరెంటు కావాలి, అది డీజిల్ ఇవ్వగలదు. వేసవిలో నిప్పురవ్వలు పడితే ఎండుగడ్డి అంటుకుంటుంది. మార్చి దాటాక మా నల్లమల ఎలా ఉంటుందో తెలుసుగా? ఆ అడవిలో చలమ, బొగడ స్టేషన్ల మధ్య బొగ్గు ఇంజను ఒంటరిగా నిప్పులు కక్కుతూ ఎక్కుతుంటే మీకు ఫొటో బాగానే వస్తుంది. అడవి కాలితే ఆర్పేది మీరు కాదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఫొటోల కోసం బండి వెంటపడేవాళ్లు రూపాయి టికెట్ కొనరు, బండి మాత్రం వాళ్లకు నచ్చినట్టు నడవాలి. 2016 ఫిబ్రవరిలో బ్రిటన్ పాత ఆవిరి ఇంజను ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ లండన్ నుంచి యార్క్‌కు మరమ్మతు తరవాత మొదటిసారి పోయినప్పుడు జనం పట్టాల మీదికి వచ్చేస్తే బండి ఆపాల్సి వచ్చింది. మన దగ్గరైతే రైల్వే చట్టం 147వ సెక్షన్ ఉంది. ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఆదోని కెమెరా:
అక్కా, నేను తుమ్మచెట్ల మధ్యే నిలబడ్డా, పట్టాల మీద కాదు. ముళ్ల గీతలు ఇంకా ఉన్నాయి. టికెట్ మాటకు మాత్రం జవాబు లేదు, నిజమే.

పాత ఫైర్‌మన్:
మా మనవరాలు చూపిస్తే చదువుతున్నాను. గుంతకల్లు షెడ్డులో మీటరు గేజి మీద వైపీ, వైజీ రకం ఆవిరి ఇంజన్లకు బొగ్గు వేసినవాణ్ణి. తరవాత డీజిల్ మీద పని చేసి రిటైరయ్యాను. రెండు అన్నాలూ తిన్నవాణ్ణి కాబట్టి నాకు ఎవరితోనూ పేచీ లేదు.

రెండో ఇంజను సాయం అనేది ఇప్పుడు పుట్టిన వింత కాదు. కర్ణాటక-గోవా సరిహద్దులో కాసిల్ రాక్, కులెం మధ్య ఘాట్లో బ్యాంకర్ (వెనక నుంచి తోసే ఇంజను) లేకుండా బరువు బండి ఎక్కేదే కాదు. అప్పుడు ముందూ ఆవిరే, వెనకా ఆవిరే, అంతే తేడా. కూతతో మాట్లాడుకునేవాళ్లు. ముందు డ్రైవరు కూత వేస్తే వెనకవాడు బదులు కూత వేసి, సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటర్ తెరవాలి. ఇద్దరూ ఒక్క లయలో ఉండకపోతే పెట్టెలను కలిపే కప్లింగు మీద గుంజులాట మొదలవుతుంది.

కెమెరా అబ్బాయి చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది. అది ఫొటో గురించి కాదు, ఇంజను ఆరోగ్యం గురించి. ఆవిరి ఇవ్వకుండా ఇంజనును మైళ్లకు మైళ్లు దొర్లిస్తే సిలిండర్లలోకి నూనె సరిగా అందదు, పొగపెట్టెలో బూడిదను లోపలికి పీల్చుకుంటుంది. పని చేయని ఆవిరి ఇంజను సుఖపడుతోందని అనుకోవద్దు. అందుకని డీజిల్ ఉండాలి, కానీ ఊరికే వెంట నడవాలి. ఎక్కుడులోనో, ఆపదలోనో చెయ్యి వెయ్యాలి.

ఆపద అంటే ఏంటో కూడా చెబుతాను. బొగ్గు మండే ఫైర్‌బాక్సు పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లుండాలి. అవి తగ్గితే అక్కడున్న లెడ్ ప్లగ్ (సీసం బిరడా) కరిగి, ఆవిరి కిందికి దూకి మంట మీద పడుతుంది. ప్రాణం దక్కుతుంది, ఫైర్‌మన్ పరువు పోతుంది. నా సర్వీసులో ఒక్కసారి బాయిలర్ నీటి మట్టం చూపే గేజి గ్లాసులో నీళ్లు కనబడక చెమటలు పట్టాయి. బాయిలర్లోకి నీళ్లు పంపే ఇంజెక్టర్ పట్టుకునే లోపల ఎన్ని దేవుళ్లకు మొక్కానో. అప్పట్లో ప్లాట్‌ఫారం చివర ఏనుగు తొండంలాంటి నీళ్ల పంపు ఉండేది. ఇప్పుడు అవి లేవు, బొగ్గు వేసే చోటు లేదు, ఇంజనును తిప్పే టర్న్‌టేబుల్ దొరకడం కష్టం. పైన 25 వేల వోల్టుల తీగ. బొగ్గు సర్దడానికి టెండర్ (ఇంజను వెనక బొగ్గు, నీళ్లు ఉండే బండి) ఎక్కితే మనిషి దక్కడు. ఇన్ని పీకేసి, ఇప్పుడు ఒంటరిగా నడవమంటే అది ముసలి ఎద్దును మోట తోలమన్నట్టే.

గుత్తి ఆల్కో:
పెద్దాయనకు నమస్కారం. కెమెరా అన్నా, ఇప్పుడైనా ఒప్పుకుంటావా?

ఆదోని కెమెరా:
సగం. డీజిల్ పెట్టండి, కానీ ముందే చెప్పండి. ఏ సెక్షన్లో ఆవిరి లాగుతుంది, ఏ సెక్షన్లో డీజిల్ లాగుతుంది అని కాగితం మీద ఉంటే, నేను నాలుగు దెబ్బలు వినబడే చోటికే పోయి నిలబడతా. నీలగిరి బండి చూడండి. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఆవిరి ఇంజను వెనక నుంచి తోస్తుంది, కూనూరులో డీజిల్ తగులుతుంది. అందరికీ తెలుసు, ఎవరికీ కోపం రాదు.

నల్లమల అక్క:
దీనికి నేనూ ఒప్పుకుంటా. మేట్టుపాళయం పోతే మాత్రం టికెట్ కొనుక్కుని ఎక్కు తమ్ముడూ.

హంపయ్య మనవడు:
మావాడికి ఇదంతా చదివి వినిపించా. "ముసలాయన చెప్పాడు కాబట్టి ఊరుకుంటున్నా" అన్నాడు. సార్, మా తాత కూడా ఫైర్‌మనే. పార మీద శనక్కాయలు వేయించుకుని తినేవాళ్లమని చెప్పేవాడు. నిజమేనా, మనవళ్లకు కథలు చెప్పాడా?

పాత ఫైర్‌మన్:
నిజమే నాయనా. పార కడిగి, గుప్పెడు కాయలు వేసి, ఫైర్‌బాక్సు నోట్లో పెట్టి రెండు సార్లు ఎగరేసి తీయాలి. మూడోసారికి మాడిపోతాయి. హంపయ్య అయితే ఎప్పుడూ మూడోసారి ఎగరేసేవాడు.